మామగారు కూల్చిన గోడ

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోకుండా ఉంది. తూర్పున తెరిపి, పడమట మబ్బు. మామూలు రోజైతే ఆ వీధిలో వాన సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఇవాళ కోడలు వీధిలో నిలబడి పడమటి మబ్బు వంక పదేపదే చూసింది. నాలుగు చినుకులు పడితే చాలు, సైకిళ్ల కొట్టంతా తడిసి ముద్దయిపోతుంది. కొట్టుకు ముందు గోడ లేదు.

రాత్రి పడుకునేటప్పుడు ఉంది. లేచి చూసేసరికి లేదు.

కూల్చిన తీరు చూస్తే అంత కోపంలోనూ ఆమెకు ఆశ్చర్యమే వేసింది. రోడ్డు వెడల్పు చేస్తామంటూ మునిసిపాలిటీ వాళ్లు వచ్చి, ఏ కొట్టు ఎంతవరకు పోతుందో పక్కగోడల మీద ఎర్రగీత గీసి వెళ్లారు. సరిగ్గా ఆ గీత దాకా తీసేసి ఉంది. ఇటుకలకు అంటిన మట్టి గోకి, పక్కన దొంతరగా పేర్చి ఉంది. తలుపును ద్వారబంధంతో సహా ఊడదీసి లోపలి గోడకు ఆనించి ఉంది. కప్పురేకులు ఇనుప స్తంభాల మీద ఉన్నాయి కనక నిలిచాయి. చప్పుడు రాకుండా సుత్తికి చుట్టిన గోనెసంచి ముక్క ఇంకా విప్పనే లేదు.

ఆ పని చేసిన మనిషి గాలి పంపు పక్కన పీట వేసుకుని కూర్చుని, ఒక పాత చక్రం పుల్లలు గుడ్డతో తుడుస్తున్నాడు. ఆమె మామగారు. వీధంతా ఆయన్ని దండాల తాత అంటుంది. యూనిఫారం కనబడితే చాలు లేచి నిలబడి దండం పెడతాడు. పోలీసుకు పెడతాడు, పోస్టుమానుకు పెడతాడు, సినిమాహాలు గేటు దగ్గర టికెట్లు చింపే అతనికీ పెడతాడు.

"ఎందుకు చేశారు మామయ్యా?"

"రోడ్డుకు కావాలన్నారు. ఇచ్చాను."

"కావాలన్నదీ వాళ్లే. అభ్యంతరం ఉంటే ఇవాళ ఆఫీసుకు వచ్చి చెప్పుకోమన్నదీ వాళ్లే."

ఆయన ఒక పుల్ల తుడవడం ముగించి రెండో పుల్ల అందుకున్నాడు.

"చెప్పడానికి వెళ్తున్నది నేనని మీకు తెలుసు కదా?"

తెలుసన్నట్టు తలూపాడు.

ఈలోగా దర్జీ రానే వచ్చాడు. పక్క కొట్టు ఆయనది. కత్తెర అని పిలుస్తారు. అది చేతిలో పనిముట్టును బట్టి వచ్చిన పేరు కాదని వీధిలో అందరికీ తెలుసు. ఆయన కూలిన గోడ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. దొంతరగా పేర్చిన ఇటుకల ముందు ఆగి, పైన వంకరగా ఉన్న ఇటుకను సరిచేశాడు. అప్పుడు తిరిగాడు.

"తాతా, దండం పెడితే సరిపోయేది కదా. గోడ కూడా పెట్టాలా?"

మామగారు తల ఎత్తలేదు. కత్తెర కోడలి మీదికి తిరిగాడు. ఎదురుగా మూతబడ్డ గోడౌను తాలూకు ఖాళీ స్థలం పడి ఉంది, రోడ్డు అటునుంచి తీసుకోండి, మా కొట్ల జోలికి రావద్దు అని అడగడానికి వరసంతా ఏకమై ఆమెను ఎంచుకున్నారు. ఎవరూ నోరు విప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టేనని మునిసిపాలిటీ మైకు బండిలో చెప్పనే చెప్పారు. ఇప్పుడేమో మాట్లాడాల్సిన మనిషి ఇంటి గోడే ముందుగా కూలి కూర్చుంది.

"వాళ్లు నీ గోడ చూపిస్తారమ్మా. ఏ మొహం పెట్టుకుని మాట్లాడతావు?"

"ఉన్న మొహమే బాబాయ్. ఇంకోటి ఎక్కడ తెచ్చుకోను?"

కత్తెరకు నవ్వు వచ్చింది కానీ రానివ్వలేదు. పోనీ నువ్వు మాట్లాడు బాబాయ్ అందామె. ఆయన వెనక్కి తగ్గాడు. కొట్టులో కూర్చుంటే ఊరందరి కొలతలూ తీసేస్తాడు గానీ, కుర్చీలో ఆఫీసరు కనబడితే ఆయన నాలుక మడతపడిపోతుంది. పోయినసారి కరెంటు ఆఫీసుకు వెళ్లి, చెప్పాల్సింది మరచిపోయి, అక్కడి గుమాస్తాకు చొక్కా కొలత తీసుకుని వచ్చాడు. ఆ సంగతి ఆయనకూ గుర్తొచ్చినట్టుంది. ఏదో గొణుక్కుంటూ వెళ్లిపోయాడు.

*

ఆమె పెనిమిటి బస్సు డ్రైవరు. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, వీధిలో నిలబడి, లోపల మంచం దాకా కనిపిస్తున్న తన ఇంటిని చూశాడు. కొట్టు వెనకే ఇల్లు. గోడ పోయేసరికి రెండూ కలిసి వీధిలో పడ్డట్టయింది.

ఆయన ఎవరినీ ఏమీ అడగలేదు. చెప్పులు విప్పి, ఎక్కడ విప్పాలో తెలియక మళ్లీ తొడుక్కున్నాడు. గుమ్మమే లేకపోతే గుమ్మం దగ్గర చెప్పులు విప్పడం ఎలా?

"నాన్నను ఏమీ అనకు," అన్నాడు భార్యతో.

"ఏమన్నాను?"

"అనలేదులే. అనకు అంటున్నాను." చెప్పుల వంక చూసుకుంటూ, "వదిలేద్దామా? కొట్టు ఆయన పేరు మీద ఉంది. ఆయన గోడ ఆయన తీసుకున్నాడు," అన్నాడు.

కొట్టు ఆయనదే, పని ఎవరిదని అడిగిందామె. మామగారికి సన్నపనికి చూపు ఆననప్పటి నుంచీ కొట్టు నడుపుతున్నది ఆమే. రిమ్ము వంకర తీయడం, బేరింగు గుళ్లు మార్చడం, నీళ్ల బేసినులో ట్యూబు ముంచి బుడగ ఎక్కడ వస్తోందో పట్టడం, అన్నీ ఆమే. నేర్పింది మామగారే. పెళ్లయి వచ్చిన కొత్తలో ఒకనాడు పానా తెచ్చి ఆమె చేతిలో పెట్టి, ఇక్కడ ఆడవాళ్లు ఏ పనైనా చేసుకోవచ్చమ్మా, అడ్డు చెప్పేవాడు లేడు, ఈ దేశం అలాంటిది అన్నాడు. అత్తగారింట్లో ఆమె మీద పెట్టిన మొదటి బరువు అదే. ఇష్టపడి మోసింది.

ఆయనకు ఈ దేశం పుట్టిన దేశం కాదు. వయసులో ఉండగా అవతలి దేశం నుంచి పనిముట్ల మూట నెత్తిన పెట్టుకుని సరిహద్దు దాటి వచ్చాడు. అవతల యూనిఫారం వేసుకున్న వాడి సైకిలు బాగుచేస్తే డబ్బు అడగకూడదు. అడిగితే పనిముట్లు పోయేవి. ఇవతలికి వచ్చిన కొత్తలో వంతెన పక్కన గోనెపట్టా పరుచుకుని కూర్చుంటే, ఒక పోలీసు తెగిన చైను పట్టుకొచ్చాడు. వేసి ఇచ్చాడు. పోలీసు జేబులో చెయ్యి పెట్టి, ఎంతయింది అని అడిగాడు. ఈయన చెప్పేలా లేడని, ఆ పోలీసు పక్కనున్న బడ్డీకొట్టు వాణ్ణి రేటు అడిగి మరీ ఇచ్చి వెళ్లాడు.

ఆ కథ ఇంట్లో ఎన్నిసార్లు విన్నారో లెక్క లేదు. ఆ పోలీసు మీసం ఎటు తిరిగి ఉంటుందో కూడా కోడలికి తెలుసు. ఇవాళ కూడా ఆయన ఆ కథే మొదలుపెట్టాడు. గోడ ఎందుకు తీశావు నాన్నా అని కొడుకు అడిగినందుకు అదే జవాబు. కొట్టు పెట్టుకోనిచ్చారు, ఇల్లు కట్టుకోనిచ్చారు, మనవరాల్ని హాస్టల్లో పెట్టి చదివిస్తున్నారు, ఇంత చేసిన దేశం మూరెడు గోడ అడిగితే ఎదురు చెబుతామా అన్నాడు.

"ఎదురు చెప్పడం కాదు మామయ్యా. చెప్పుకోమన్నారు, చెప్పుకుంటాం."

"అదేనమ్మా," అన్నాడాయన, "ఆ చెప్పుకోమన్న మాటే."

ఆ తర్వాత ఆయన్ని కదిలించడం ఎవరి వల్లా కాలేదు.

*

వంటగదిలో అత్తగారు కూరగాయలు తరుగుతోంది. కోడలు వెళ్లి గోడకు చేరగిలబడింది. కత్తిపీట చప్పుడొక్కటే. తరగాల్సింది అయిపోయాక కూడా అత్తగారు తరిగిన ముక్కలనే మళ్లీ చిన్న ముక్కలు చేస్తూ కూర్చుంది.

"గోనెసంచి ఇచ్చింది నేనే," అంది చివరికి.



"మీకు తెలుసా అత్తయ్యా? తెలిసి లేపలేదా?"

"లేపితే నువ్వు ఆపేదానివి."

"ఆపేదాన్ని కాక?"

అత్తగారు కత్తిపీట పక్కన పెట్టి చేతులు చీరకు తుడుచుకుంది. "మీ మామయ్యకు ఒక అన్న ఉండేవాడు," అంది.

ఇన్నేళ్ల కాపురంలో కోడలు ఆ మాట వినలేదు. ఎప్పుడూ చెప్పలేదేం అని అడిగింది.

"చెప్పడు. నాకైనా ఒక్కసారే చెప్పాడు. అవతల కూడా ఇలాగే ఒకనాడు మైకు బండి వచ్చిందట. ఎవరికి ఏ కష్టం ఉన్నా వచ్చి చెప్పుకోండి, దొరలు స్వయంగా వింటారు అని. ఆయన అన్న బాగా మాట్లాడేవాడు. నీలాగే. పదిమందీ ఆయన్నే ముందుకు తోశారు. వెళ్లాడు, నిలబడ్డాడు, చెప్పాడు. దొరలు విన్నారు." ఆమె తరిగిన ముక్కలను ఒక పక్కకు తోసింది. "మాట్లాడిన వాళ్లెవరూ ఇంటికి రాలేదు. ఎక్కడున్నారని అడగడానికి వెళ్లిన వాళ్లు కూడా రాలేదు."

బయట ఎవరో సైకిలు తెచ్చి గాలి కొట్టించుకుంటున్నారు. మామగారి చేతి కింద పంపు బుసకొడుతోంది.

"ఇక్కడ మైకు బండి వచ్చి వెళ్లిందా, ఆనాటి నుంచి ఆయన కంచం ముందు కూర్చుని లేస్తున్నాడే గానీ తిన్నది లేదు. నువ్వు ఒక బిడ్డకు తల్లివి. గోడే లేకపోతే నువ్వు మాట్లాడాల్సిన పని ఉండదనుకున్నాడు. నాకూ అదే బాగుందనిపించింది."

కోడలు మొహం కడుక్కుని, తల దువ్వుకుని, పెట్టెలోంచి మంచి చీర తీసింది. అత్తగారు అది చూసి మళ్లీ కత్తిపీట ముందుకు లాక్కుంది.

*

బయలుదేరే ముందు ఆమె మామగారి ఎదుట పీట వేసుకుని కూర్చుంది. వీధిలో పోయేవాళ్లు ఇద్దరినీ చూసుకుంటూ పోతున్నారు.

"నేను వెళ్తున్నాను మామయ్యా."

"వద్దమ్మా."

"ఇది అవతల కాదు."

ఆయన చేయి ఆగింది. వంటగది వైపు చూశాడు. లోపల ఏం చెప్పేశారో ఆయనకు అర్థమైంది. భార్య మీద కోపం తెచ్చుకోలేదు. తల దించుకున్నాడు.

"కాదు. తెలుసు," అన్నాడు.

"తెలిస్తే భయమెందుకు?"

"తెలియడం వేరమ్మా."

ఆమె లేవబోయి మళ్లీ కూర్చుంది. గొంతు పెంచకుండా, పంచరు ఎక్కడ పడిందో సైకిలు మనిషికి చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మంచి దేశం, మంచి దేశం అని మా చెవుల్లో ఇల్లు కట్టుకుని పోరారు. నేను నమ్మాను. మీ కొడుకు నమ్మాడు. మీ మనవరాలు నమ్మింది. మీరే నమ్మలేదు మామయ్యా. ఇన్నేళ్లూ దండాలు పెట్టింది భయపడి."

ఆయన పెదవులు కదిలాయి. చేతిలోని గుడ్డ జారి నీళ్ల బేసినులో పడితే తీసుకోలేదు.

ఆ మాట అనకుండా ఉండాల్సిందని వీధి చివరికి వెళ్లేదాకా ఆమెకు అనిపిస్తూనే ఉంది. వెనక్కి మాత్రం తిరగలేదు.

*

మునిసిపల్ ఆఫీసు హాల్లో బల్లలు చాలక జనం గోడల వెంబడి నిలబడ్డారు. కమిషనరు ఆడమనిషి. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టుకుని, ఎవరు మాట్లాడితే వాళ్ల వంక చూస్తూ వింటోంది. విన్నదాన్ని పక్కన కూర్చున్న గుమాస్తా రాసుకుంటున్నాడు. ముందు ఒక పాలవాడు మాట్లాడాడు. తర్వాత ఎవరో పెద్దాయన రోడ్డు సంగతి మానేసి మురుగుకాలవ గురించి మొదలుపెట్టాడు. కమిషనరు అదీ విన్నది. మాట్లాడినవాళ్లు మాట్లాడి వెళ్లి మళ్లీ తమ చోట్లలోనే కూర్చోవడం కోడలు గమనించింది. మామూలుగా అయితే ఎవరైనా గమనించే సంగతి కాదది.

ఆమె వంతు వచ్చింది. మైకు మనిషికంటే పొడుగ్గా ఉంది. పగటి నిద్ర మానుకుని వచ్చిన పెనిమిటి ముందుకొచ్చి దాన్ని కిందికి దించి వెళ్లాడు. కత్తెర రెండో వరసలో కూర్చుని, తనే మాట్లాడుతున్నంతగా చెమటలు పోసుకుంటున్నాడు.

తమ వరస సంగతి, ఎదుటి ఖాళీ స్థలం సంగతి ఆమె పొల్లుపోకుండా చెప్పింది. తన మామగారు పరాయి దేశం నుంచి పనిముట్ల మూటతో వస్తే ఈ ఊరు కొట్టు పెట్టుకోనిచ్చిందని, ఆ కొట్టే తమ ఇంటిల్లిపాదికీ కూడు పెడుతోందని, ఆ మేలు మరచినవాళ్లం కామని కూడా చెప్పింది.

"మీరు కృతజ్ఞత చెప్పడానికి వచ్చారా, అభ్యంతరం చెప్పడానికి వచ్చారా?" అంది కమిషనరు. హాల్లో నవ్వులు లేచాయి.

"రెండూనండీ. మొదటిది లేకపోతే రెండోదానికి వచ్చేదాన్ని కాదు. చెప్పుకోనివ్వని చోట ఎవరు చెబుతారండీ?"

నవ్వులు ఆగాయి. అప్పుడు సర్వేయరు వంగి కమిషనరు చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ కళ్లజోడు కిందికి దించుకుంది.

"మీ గోడ మీరే తీసేసుకున్నారట కదా?"

"మా మామగారు తీశారండీ."

"ఇష్టపడేనా?"

కోడలు నోరు తెరిచింది. ఇష్టపడి కాదు, భయపడి అనడానికి ఒక్క క్షణం చాలు. కానీ ఆ భయం ఎక్కడిదో ఇంతమంది ముందు విప్పి పెట్టడానికి అది ఆమెది కాదు. "ఆ సంగతి ఆయన చెప్పాలండీ," అంది.

"అవును. కొట్టు యజమాని ఆయన కనక ఆయనే చెప్పాలి. రేపు పొద్దున నేనే వస్తాను. ఎదుటి స్థలం కొలిపిస్తాను. మీ మామగారినీ అడుగుతాను. ఇష్టపడే ఇచ్చానంటే మీ వరస ఒప్పుకున్నట్టు తీసుకుంటాం. ఒక కొట్టు వెనక్కి, పక్క కొట్టు ముందుకు ఉంటే రోడ్డు కుదరదు. ఇష్టం లేకుండా తీశానంటే మాత్రం ఆ గోడ మేమే కట్టించి ఇస్తాం, మీ అభ్యంతరమూ చూస్తాం. ఆయన్ని నోటితో చెప్పమనండి. ఎవరూ ఏమీ అనరు."

"ఆయనకు దండం తప్ప మాట రాదండీ," అని వెనక నుంచి కత్తెర లేచి అనేశాడు. ఆఫీసరు ముందు తన నాలుక మడతపడలేదని ఆయనకు కూర్చున్న తర్వాత గానీ తెలియలేదు.

*

తిరిగివస్తుంటే దారి పొడవునా కత్తెర ఒకటే నస. రాత్రికి రాత్రి ముసలాయనకు నేర్పించు, రెండు ముక్కలే కదా, చిలక్కి నేర్పినట్టు నేర్పించు అని. ఆమె నడక వేగం పెంచింది.

మామగారు వీధి మలుపులో నిలబడి ఉన్నాడు. మధ్యాహ్నం నుంచీ అక్కడే నిలబడ్డాడని, పిలిచి టీ ఇస్తే కూడా తాగలేదని టీకొట్టు ఆవిడ చెప్పింది. ఆయన కోడల్ని తల నుంచి పాదాల దాకా చూశాడు. వెనక కొడుకును చూశాడు. ఇంకా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు. ఎవరూ లేరు. అప్పుడు తిరిగి ఇంటి వైపు ముందు నడిచాడు.

ఇంటి దగ్గర అత్తగారు గోడ ఉన్న చోట దుప్పటి ఒకటి అడ్డంగా కట్టింది. మబ్బు ఎటో వెళ్లిపోయింది. దుప్పటి గాలికి ఎగిరినప్పుడల్లా వీధి లోపలికి వచ్చి పోతోంది.

కొడుకే చెప్పాడు. "రేపు పొద్దున కమిషనరు వస్తారు నాన్నా. గోడ ఇష్టపడి తీశావా లేదా అని నిన్ను అడుగుతారు."

"నన్నా?"

"నిన్నే."

"కోడల్ని అడిగారు కదా."

"అడిగారు. నువ్వే చెప్పాలన్నారు."

మామగారు మంచం మీద కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. కోడలి వైపు చూశాడు. పొద్దున ఆమె అన్న మాట ఆయన మొహంలో ఇంకా అలాగే ఉంది.

"ఏమని చెప్పమంటావమ్మా?"

అందరూ ఆమె వంక చూశారు. అత్తగారు వంటగది గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. వరసలో ఉన్న కొట్లన్నీ ఆమె నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి.

"మీ ఇష్టం మామయ్యా," అంది. "నేను చెప్పమన్నది చెబితే అది నా మాటే అవుతుంది."

"ఒక్క మాట చెప్పరాదూ?" అన్నాడు పెనిమిటి, విసుగ్గా. ఆయనకు విసుగు రావడం ఆ ఇంట్లో అరుదు. "అంతమంది బతుకు దానిమీద ఉంది. ఇప్పుడా నీ పంతం?"

"పంతం కాదు."

"మరి?"

అవతల మామగారి అన్నను పదిమందీ ముందుకు తోశారు. ఇవాళ ఈయన్ని తను తోయదలచుకోలేదు. ఆ మాట బయటికి అంటే ఆయన మరీ కుంగిపోతాడు. అందుకని వెళ్లి పీటలు వాల్చింది.

అత్తగారు వడ్డించింది. ముగ్గురూ కూర్చున్నారు. దుప్పటి అవతల ఒక సైకిలు గంట కొట్టుకుంటూ వెళ్లిపోయింది. అత్తగారు కూర తెచ్చింది, ఎవరినీ అడగకుండా అందరికీ వేసింది. కొడుకు తల వంచుకుని తింటున్నాడు.

మామగారు ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. చాలా రోజుల తర్వాత ఆయన కంచం ఖాళీ అవుతోంది. అత్తగారు చూసీ చూడనట్టు ఇంకాస్త అన్నం పెట్టింది.

ముద్దకూ ముద్దకూ మధ్య ఆయన పెదవులు కదులుతున్నాయి. ఏదో ఒక మాటను అనుకుంటున్నాడు, చెరుపుకుంటున్నాడు, మళ్లీ అనుకుంటున్నాడు. శబ్దం మాత్రం రావడం లేదు. కోడలు ఒక్కసారి చూసి, ఆయన గమనించకుండా చూపు కంచంలోకి దించుకుంది. ఆయన అనుకుంటున్నది ఇష్టపడి అనా, కాదు అనా, ఎంత ప్రయత్నించినా ఆమెకు ఆనవాలు చిక్కలేదు.